పళ్ళసెట్టు ఇస్తే సరిపోదు, కడగడం కూడా నేర్పాలి

బొగ్గుబాయిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన ఆ మధ్య మా దంత విభాగానికి వచ్చారు. చేతిరుమాలులో మూటగట్టి తెచ్చిన పళ్ళసెట్టును బల్లమీద పెట్టారు. అది కట్టించుకుని మూడు నెలలే అయిందట. పై సెట్టు నోట్లో పెట్టి చూస్తే ఒక పక్క ఆనుతోంది, ఇంకో పక్క లేస్తోంది. మాట్లాడితే జారిపోతోంది. గులాబీ రంగు ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏం చేశారు పెద్దయ్యా?" అని అడిగాను. ఆయన తల దించుకున్నారు. పక్కనున్న ఆయన భార్య జవాబు చెప్పింది. "మంచిగ కడుక్కోమన్నరు గద డాక్టరమ్మా. క్రిములుంటయని మసిలే నీళ్ళల్ల ఏసి తీసిన. మా పిల్లల పాలసీసాలు గూడ గట్లనే కడిగినం గద."

ఆమె చేసినదాంట్లో తప్పు వెతకాలంటే నాకు మాట రాలేదు. పాలసీసాను మరిగించమని చెప్పింది మనమే. వెనకటి రోజుల్లో ఆసుపత్రుల్లో సూదులను, సిరంజిలను మరిగించి వాడటం ఆ తరం వాళ్ళు కళ్ళారా చూశారు. మరిగిస్తే శుభ్రమవుతుందని నేర్పినవాళ్ళం, పళ్ళసెట్టును మాత్రం మరిగించకూడదని చెప్పడం మరిచిపోయాం. ఆ రెండో మాట చెప్పకపోవడం వల్ల ఆయన మళ్ళీ గంజికి, మెత్తటి అన్నానికి వచ్చేశారు. మనుమరాలి పెళ్ళిలో అందరితో పాటు పంక్తిలో కూర్చోలేదని ఆ అవ్వ చెప్పి బాధపడింది.

ఆ రోజు నుంచి నాలో స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కట్టుడు పళ్ళు పాడవడానికి రోగి నిర్లక్ష్యమే కారణమని మేము తేలికగా అనేస్తుంటాం. కానీ నేను చూసినంతలో, పళ్ళసెట్లు పాడుచేసుకున్నవారిలో అసలు కడగనివారి కంటే, ఎక్కువ శ్రద్ధతో తప్పుగా కడిగినవారే ఎక్కువ. వారికి శ్రద్ధ ఉంది, సరైన మాట చెప్పినవారు లేరు. ఆ మాట చెప్పే బాధ్యత పళ్ళు కట్టిన మాది, ఆ తరువాత కుటుంబానిది, సంఘానిది.

అసలు ఈ సెట్టు దేనితో చేస్తారు?

ఎలా కడగాలో తెలియాలంటే ముందు అది ఏ పదార్థమో తెలియాలి. చాలామంది పళ్ళసెట్టును పింగాణీ కప్పులాంటిదని అనుకుంటారు. కాదు. మన ప్రాంతంలో కట్టించుకునే సెట్లలో చాలావరకు అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేసినవే. దాని పూర్తి పేరు పాలీ మిథైల్ మెథాక్రిలేట్. చిగురు రంగులో ఉండే భాగమూ అదే, చాలా సెట్లలో పళ్ళు కూడా అదే జాతివి. దీనికి ముందు కట్టుడు పళ్ళకు గట్టిపరచిన రబ్బరు వాడేవారు. 1937 ప్రాంతంలో అమెరికాలో అక్రిలిక్ వాడకం మొదలయ్యాక రబ్బరు వెనకబడిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానాల పైలట్ ముందుండే పారదర్శక తొడుగులకు వాడినది కూడా ఈ ప్లాస్టిక్కే. తేలికగా ఉంటుంది, చిగురు రంగు చక్కగా వస్తుంది, విరిగితే అతికించవచ్చు, ధర అందుబాటులో ఉంటుంది. అందుకే దాదాపు తొంభై ఏళ్ళుగా నిలబడింది.

అయితే దీనికి నాలుగు బలహీనతలున్నాయి.

మొదటిది, వేడి. మరిగే నీటి వేడి దగ్గరికి వచ్చేసరికి అక్రిలిక్ మెత్తబడటం మొదలవుతుంది. తయారుచేసేటప్పుడు లోపల ఇమిడిపోయిన బిగువు అప్పుడు సడలి, ఆకారం మారుతుంది. కంటికి కనిపించనంత మార్పు చాలు. పై సెట్టు అంగిటికి అంటుకుని నిలబడేది ఆ రెండింటి మధ్య ఉండే పల్చటి లాలాజలం పొర వల్లనే. సెట్టు కొద్దిగా వంగినా ఆ పొర తెగి గాలి దూరుతుంది. ఇక అది నిలవదు. వంగిన సెట్టును మళ్ళీ వేడిచేసి సరిచేయడం కుదరదు.

రెండవది, మెత్తదనం. మన పంటి మీద ఉండే పింగాణీ పొర అక్రిలిక్ కంటే పదింతలకు పైగా గట్టిది. సహజమైన పంటిని తోమడానికి చేసిన పేస్టు, పొడి అక్రిలిక్‌ను గీసేస్తాయి.

మూడవది, నీరు. అక్రిలిక్ కొద్దిగా నీటిని పీల్చుకుని ఉంటుంది. పూర్తిగా ఆరిపోతే కొంచెం కుంచించుకుపోతుంది, పెళుసుబారుతుంది. అందుకే నోట్లో లేనప్పుడు నీటిలో ఉంచమని చెప్తాం.

నాలుగవది, కొన్ని రసాయనాలు. స్పిరిట్, సారా వంటివి తగిలితే దానిమీద సన్నటి పగుళ్ళు వస్తాయి. ఘాటైన బ్లీచింగ్ ద్రావణంలో ఎక్కువసేపు ఉంటే రంగు వెలిసిపోతుంది, ఉపరితలం గరుకుబారుతుంది, బలం కూడా తగ్గుతుంది.

మన ఇళ్ళలో జరుగుతున్నది

మా దగ్గరికి వచ్చేవారిని "మీరు దేనితో కడుగుతున్నారు?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. వచ్చే జవాబులు చాలా ఉన్నాయి.

పళ్ళపొడి, బొగ్గుపొడి, బూడిద, ఉప్పు, ఇటుకపొడి. ఇవన్నీ మన పెద్దలు చిన్నప్పటి నుంచి పళ్ళు తోముకున్నవే. 1927 ప్రాంతం నుంచి బెల్లంపల్లి బతికింది బొగ్గు మీదే. మనకు అన్నం పెట్టిన బొగ్గు మీద నాకు గౌరవమే. కానీ ఏ బొగ్గుపొడి అయినా పళ్ళసెట్టు మీద గరుకు కాగితంలా పనిచేస్తుంది. మొదటి వారం మెరుపు వచ్చినట్లు కనిపిస్తుంది. తరువాత సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లో టీ మరక, ఆహారపు జిడ్డు, క్రిములు చేరి కూర్చుంటాయి. మరక పోలేదని ఇంకా గట్టిగా తోముతారు. గీతలు ఇంకా లోతుపడతాయి. అలా శుభ్రం చేస్తున్నకొద్దీ మురికి పట్టే గుణం పెరుగుతుంది. టూత్‌పేస్టుతో గట్టి బ్రష్ కలిస్తే కూడా ఇదే జరుగుతుంది. తెల్లదనం తెస్తామని చెప్పే పేస్టులు మరీ గరుకు.

ఇక తంబాకు మరక. బాయిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నిషేధం. గని లోపల మండే గ్యాస్ ఉండవచ్చు కాబట్టి ఆ నిబంధన సరైనదే. కానీ దానివల్ల షిఫ్టులో తంబాకు నమలడం చాలామందికి అలవాటైంది. పళ్ళు పోవడానికి అదీ ఒక కారణమైంది. బాయి దిగిపోయినా అలవాటు దిగిపోలేదు. ఇప్పుడు ఆ మరక కట్టుడు పళ్ళ మీద పడుతోంది. దాన్ని పోగొట్టడానికి మరుగుదొడ్లు కడిగే యాసిడ్ చుక్క వేసినవారిని కూడా చూశాను. దయచేసి ఆ పని ఎన్నడూ చేయకండి. యాసిడ్ సెట్టును పాడుచేయడమే కాదు, సరిగా కడగకపోతే నోటిని, గొంతును కాలుస్తుంది.

బ్లీచింగ్ పౌడర్. బావిలోనూ నీళ్ళ ట్యాంకులోనూ చల్లితే క్రిములు చస్తాయి కాబట్టి, పళ్ళ గిన్నెలోనూ చిటికెడు వేద్దామని కొందరి ఆలోచన. ఆలోచన పూర్తిగా తప్పు కాదు, కొలత తప్పు. సోడియం హైపోక్లోరైట్ అనే బ్లీచ్ ద్రావణం నిజంగానే పళ్ళసెట్టు మీది ఫంగస్‌ను చంపుతుంది. కానీ 2011లో అమెరికాలోని కృత్రిమ దంత నిపుణుల సంస్థ ప్రకటించిన మార్గదర్శకాలు, సెట్టును ఆ ద్రావణంలో పది నిమిషాలకు మించి ఉంచరాదని చెప్పాయి. మనవాళ్ళు రాత్రంతా ఉంచుతున్నారు, అదీ ఎంత ఘాటో తెలియని పొడిలో. నెల తిరిగేసరికి గులాబీ రంగు తెల్లబడుతుంది. కాబట్టి బ్లీచ్ వాడాలా వద్దా, వాడితే ఎంత నీటిలో ఎంత కలపాలి అన్నది మీ దంతవైద్యుడే చెప్పాలి. ఇంట్లో అంచనాతో చేసే పని కాదు. బ్లీచ్‌ను యాసిడ్‌తో గాని వెనిగర్‌తో గాని ఎప్పుడూ కలపకండి. విషవాయువు వెలువడుతుంది.

చలికాలపు వేడినీళ్ళు. మన పూర్వపు ఆదిలాబాద్ జిల్లా చలి సంగతి అందరికీ తెలిసిందే. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే చన్నీళ్ళు ముట్టలేక స్నానానికి కాచిన నీళ్ళలోనే సెట్టును ముంచి తీస్తుంటారు. ఆ నీళ్ళలో చేయి సుఖంగా పెట్టగలిగితే పరవాలేదు. చేయి చురుక్కుమంటే ఆ నీళ్ళు సెట్టుకూ పనికిరావు. ఎండాకాలంలో దీనికి తిరగబడిన పొరపాటు జరుగుతుంది. కడిగిన సెట్టును గిన్నెలతో పాటు ఎండలో ఆరబెడతారు. మే నెల ఎండలో అది పూర్తిగా ఎండిపోతుంది. సాయంత్రం పెట్టుకుంటే గుచ్చుకుంటుంది.

కడగకపోతే ఏమవుతుంది?

ఇదంతా చదివి, "అయితే ముట్టకుండా వదిలేస్తేనే మేలు" అని ఎవరైనా అనుకుంటారేమోనని నాకు భయం. అది ఇంకా పెద్ద పొరపాటు.

రాత్రింబవళ్ళు సెట్టు నోట్లోనే ఉంచుకుని సరిగా కడగనివారికి, ముఖ్యంగా షుగరు వ్యాధి ఉన్నవారికి, సెట్టు కింద అంగిలి ఎర్రగా పుండులా తయారవుతుంది. కాండిడా అనే ఫంగస్ చాలామందిలో దీనికి కారణం. చాలామందికి నొప్పి కూడా ఉండదు. అందువల్ల తెలియదు. మేము నోటికి మందు ఇచ్చినా, సెట్టును శుభ్రం చేయకపోతే ఆ ఫంగస్ సెట్టు మీది నుంచి మళ్ళీ నోటికి ఎక్కుతుంది.

ఇంకో సంగతి ఊపిరితిత్తులది. టోక్యో నగరంలో 85 ఏళ్ళు, ఆపైన వయసున్న 524 మందిని మూడేళ్ళ పాటు గమనించిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. రాత్రి పళ్ళసెట్టుతో నిద్రపోయేవారికి, తీసి పడుకునేవారి కంటే న్యుమోనియా ప్రమాదం రెండింతలకు పైగా ఉన్నట్లు అందులో తేలింది. నోట్లోని మురికి నిద్రలో కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారడం ముసలివారిలో న్యుమోనియాకు తెలిసిన దారి. మన ఊళ్ళో ఈ మాటకు ఇంకా బరువుంది. ఏళ్ళ తరబడి బాయిలో దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు ముందే దెబ్బతిన్నవారు మన సంఘాల్లో ఎంతమంది లేరు? వారికి రాత్రి సెట్టు తీసి పడుకోవడం ఖర్చులేని రక్షణ.

కాబట్టి నేను చెప్పేది తక్కువగా కడగమని కాదు. రోజూ కడగండి, మెత్తగా కడగండి. పదార్థానికి తగినట్లు కడగండి.

మాత్రలు కొనాలా?

మందుల షాపుల్లో పళ్ళసెట్టును నానబెట్టే మాత్రలు, పొడులు దొరుకుతున్నాయి. నీళ్ళలో వేస్తే నురగ వస్తుంది. ఆ నురగ మరకను, పలుచటి జిడ్డును వదిలిస్తుంది, క్రిములను కొంత తగ్గిస్తుంది. చేతులు వణికేవారికి, పక్షవాతం వచ్చి బ్రష్ పట్టలేనివారికి ఇవి ఎంతో ఉపయోగం. వాటిని నేను కాదనను.

కానీ మాత్ర కొనలేనివారు తమ సెట్టు ఇక పాడైపోతుందని దిగులు పడనక్కరలేదు. మాత్ర ఒక్కటే చాలునని కొనేవారు కూడా నమ్మకూడదు. పాచి అతుక్కున్న సెట్టును నురగలో వేసి తీస్తే పైపై మురికే పోతుంది. ముందు బ్రష్‌తో తోమాలి. గిన్నెలు తోమడానికి వాడే ద్రవ సబ్బు ఒక చుక్క గాని, మామూలు ఒంటి సబ్బు గాని, ఒక మెత్తని బ్రష్, చన్నీళ్ళు ఉంటే రోజువారీ పని చాలావరకు జరిగిపోతుంది. పెన్షన్ డబ్బుతో నెల గడిపేవారికి ఈ మాట స్పష్టంగా చెప్పాలి.

మాత్రలు వాడేవారికి రెండు హెచ్చరికలు. వేడినీళ్ళలో వేయకండి, పెట్టె మీద రాసిన సమయానికి మించి ఉంచకండి. మాత్ర కలిపిన నీళ్ళను పుక్కిలించకండి, మింగకండి. వీటిలో చాలావాటిలో పర్‌సల్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. అది కొందరికి పడదు. అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ 2008లో ఈ విషయమై హెచ్చరిక చేసింది. తీవ్రమైన ప్రతిచర్యలు 73 తన దృష్టికి వచ్చాయని, వాటిలో కనీసం ఒక మరణం ఉందని ప్రకటించింది. వాటిని తప్పుగా వాడినవారూ, సరిగా వాడినవారూ ఆ బాధితుల్లో ఉన్నారు. చిగుళ్ళు మండినా, దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆపి డాక్టరుకు చూపించండి. ఆ మాత్రలను చిన్నపిల్లలకు, మతిమరుపు ఉన్న పెద్దలకు అందకుండా పెట్టండి. మామూలు గోలీలని మింగే ప్రమాదం ఉంది.

మీ సెట్టులో లోహం ఉందా?

అన్ని సెట్లూ ఒకటి కావు. కొన్ని పళ్ళే పోయినవారికి కట్టే సెట్టులో లోహపు కొక్కేలు ఉంటాయి. కొందరికి లోహపు పలక మీదే పళ్ళు బిగిస్తారు. బ్లీచ్, వెనిగర్, ఉప్పునీళ్ళు లోహాన్ని నల్లబరుస్తాయి, తినేస్తాయి. కొక్కెం ఒకరోజు పుటుక్కున విరుగుతుంది. ఇటీవల కొందరు వంగే రకం సెట్లు కట్టించుకుంటున్నారు. అవి నైలాన్ జాతివి. గట్టి బ్రష్‌కు త్వరగా గరుకుబారతాయి, బ్లీచ్ వాటికి పడదు. చిగురు నొప్పి తగ్గడానికి సెట్టు లోపల మెత్తటి పొర వేయించుకున్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఆ పొర అన్నిటికంటే త్వరగా చెడుతుంది. కాబట్టి "నా సెట్టు దేనితో చేశారు, దేనితో కడగాలి?" అన్న రెండు ప్రశ్నలు అడగకుండా ఏ దంతవైద్యుడి దగ్గర నుంచీ బయటికి రాకండి. అడగడం మీ హక్కు.

బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో సెట్టు మీద తెల్లటి గార పేరుకోవడం చూస్తాం. లాలాజలంలోని ఖనిజాల వల్ల కూడా అది వస్తుంది. లోహం లేని అక్రిలిక్ సెట్టయితే, తెల్ల వెనిగర్‌కు అంతే నీళ్ళు కలిపి వారానికోసారి పావుగంట నానబెట్టి, బ్రష్‌తో తోమి, బాగా కడగవచ్చు. దానికీ పోకపోతే మా దగ్గరికి తీసుకురండి. యంత్రంతో తీస్తాం. కత్తితో, చాకుతో గీకవద్దు.

ఒక అభ్యంతరం

"ఎంత జాగ్రత్తగా కడిగినా ఐదారేళ్ళకు మార్చాల్సిందే గదా, ఇంత ఆర్భాటం ఎందుకు?" అని తోటి వైద్యులే కొందరు అంటారు. అందులో నిజం లేకపోలేదు. పళ్ళు పోయిన చోట దవడ ఎముక ఏటేటా అరుగుతుంది. సెట్టు బాగానే ఉన్నా నోరు మారిపోతుంది. సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్ళకు కొత్తది చేయించడమో, లోపలి భాగం సరిచేయించడమో అవసరమవుతుంది. సరిగా కడిగితే సెట్టు జీవితకాలం నిలుస్తుందని నేను చెప్పను.

కానీ ఐదేళ్ళు రావలసినది మూడు నెలల్లో పోవడం వేరు. మళ్ళీ కొలతలకు నాలుగైదు సార్లు తిరగడం, ఆ డబ్బు మళ్ళీ కూడబెట్టడం, కొడుకును మళ్ళీ అడగడం ఎంత కష్టమో పెద్దవాళ్ళకే తెలుసు. చాలామంది అడగరు. "ఇంకెన్నాళ్ళు బతుకుతాను, ఎందుకులే" అని ఊరుకుంటారు. మేము "మళ్ళీ చేయించుకోండి" అని ఎంత తేలికగా అంటామో, వారికి అది అంత బరువు.

ప్రసంగి గ్రంథం పన్నెండవ అధ్యాయంలో ముసలితనాన్ని వర్ణిస్తూ, విసిరేవారు కొద్దిమంది కావడం గురించి ఉంది. ఆ విసిరేవారంటే పళ్ళేనని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. పళ్ళు పోవడం అంత పాత బాధ. నమలలేనివారు మొదట పప్పులు, కూరగాయలు, మాంసం వదిలేస్తారు. తరువాత పదిమందితో కూర్చుని తినడం వదిలేస్తారు. సెట్టు జారుతుందన్న భయంతో ఆరాధనలో పాట పాడటం కూడా మానేస్తారు. ఇది పళ్ళ సంగతి మాత్రమే కాదు.

ఏం చేయాలి?

కర్ణాటక ప్రభుత్వం 2014లో 'దంత భాగ్య' అనే పథకం పెట్టి, దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు ఉచితంగా పళ్ళసెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. మన దగ్గర కూడా సేవాసంస్థలు, సంఘాలు దంత శిబిరాలు పెడుతుంటాయి. అయితే శిబిరం జరిగిన రోజు ఫోటోలో నవ్విన పెద్దవారు ఆరు నెలల తరువాత ఆ సెట్టు పెట్టుకుంటున్నారా లేదా అన్నది ఎవరైనా వెళ్ళి చూస్తున్నారా? ఇచ్చిన సెట్ల లెక్క కంటే, ఏడాది తరువాత నోట్లో ఉన్న సెట్ల లెక్క ముఖ్యమని నా అభిప్రాయం.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సెట్టుతో పాటు మూతగల డబ్బా ఒకటి, మెత్తని బ్రష్ ఒకటి ఇవ్వాలి. పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసిన ఒక కాగితం ఇవ్వాలి. చదువురానివారి కోసం బొమ్మలు వేయాలి. ఆ రోజే రోగి చేత ఒకసారి కడిగించి చూడాలి. చెప్పి ఊరుకోవడం వేరు, చేయించి చూడటం వేరు. వెంట వచ్చిన కోడలికో, కూతురికో, మనుమడికో కూడా చూపించాలి. నెల తరువాత ఒకసారి, ఆ తరువాత ఏడాదికోసారి రమ్మని తేదీ రాసివ్వాలి. ఈ పని మా విభాగంలో మేమూ సరిగా చేయని రోజులున్నాయని ఒప్పుకుంటున్నాను. వరండాలో జనం ఎక్కువగా ఉన్న రోజు మొదట కోతపడేది ఈ మాటలే.

సంఘానికి కూడా ఇందులో పని ఉంది. స్త్రీల సమాజం వారు ముసలివారిని చూడటానికి ఇళ్ళకు వెళ్ళినప్పుడు, ప్రార్థన అయ్యాక ఒక ప్రశ్న అడగండి. "అమ్మా, రాత్రి పళ్ళు తీసి పడుకుంటున్నావా? దేంట్లో పెడుతున్నావు?" యౌవనస్థులు తమ ఇంట్లోని తాతకు, నానమ్మకు రాత్రిపూట సెట్టు కడిగిపెట్టడం నేర్చుకోండి. అందులో అసహ్యపడవలసింది లేదు. మన నోరు కడిగిన చేతులవి.

సిగ్గు గురించి కూడా ఒక మాట. చాలామంది పెద్దలు, ముఖ్యంగా స్త్రీలు, బోసినోరు ఇంట్లోవాళ్ళకు కూడా కనిపించకూడదని సెట్టు తీయకుండానే నిద్రపోతారు. మనం నవ్వుతామని వారి భయం. ఆ భయం పోగొట్టవలసింది మనమే. పెద్దవారిని గౌరవించమన్న ఆజ్ఞ వారి బోసినోటికీ వర్తిస్తుంది.

ప్రతి రాత్రి ఇలా చేయండి

1. పళ్ళెంలో నీళ్ళు పోసి గాని, అడుగున గుడ్డ పరచి గాని దానిపైన సెట్టును కడగండి. చేయి జారి నేలమీద పడి విరిగిన సెట్లు ఎన్నో.

2. చన్నీళ్ళతో లేదా గోరువెచ్చని నీళ్ళతో మెతుకులు పోయేలా కడగండి. తిన్న ప్రతిసారీ ఈ మాత్రం చేయండి.

3. ఒక చుక్క సబ్బుతో, మెత్తని బ్రష్‌తో అన్ని వైపులా తోమండి. చిగురుకు ఆనే లోపలి వైపు మరిచిపోవద్దు. గిన్నె బయటివైపు మాత్రమే కడిగేవారిని ప్రభువు మందలించిన సంగతి మనకు తెలుసు. పళ్ళసెట్టులో కూడా మురికి చేరేది లోపలివైపే.

4. సబ్బు పూర్తిగా పోయేలా కడిగి, మూతగల డబ్బాలో మునిగేటన్ని మంచినీళ్ళు పోసి అందులో ఉంచండి. ఆ నీళ్ళు రోజూ మార్చండి. డబ్బా మీద పేరు రాయండి. ఆసుపత్రిలో చేరినప్పుడు తప్పకుండా రాయండి. దిండు కింద, కాగితంలో పెట్టి పోగొట్టుకున్నవారు మా వార్డుల్లో చాలామంది ఉన్నారు.

5. పళ్ళు లేని చిగుళ్ళను, నాలుకను, అంగిటిని తడిగుడ్డతో గాని మెత్తని బ్రష్‌తో గాని తుడవండి. చిగురుకు కూడా రాత్రి విశ్రాంతి కావాలి.

సెట్టు పగిలితే ఇంట్లో గమ్‌తో అతికించవద్దు. గుచ్చుకుంటే మీరే అరగదీయవద్దు. సెట్టు కింద పుండు రెండు వారాల్లో మానకపోతే ఆలస్యం చేయకుండా చూపించండి. తంబాకు అలవాటున్నవారికి ఈ మాట మరీ ముఖ్యం. అది మామూలు రాపిడి పుండే కావచ్చు, కాకపోవచ్చు. చూస్తేనే తెలుస్తుంది.

మొదట చెప్పిన పెద్దాయనకు మళ్ళీ కొలతలు తీసి కొత్త పై సెట్టు చేశాం. ఈసారి ఇచ్చేటప్పుడు ఆ అవ్వ చేతికే బ్రష్ ఇచ్చి, కుళాయి దగ్గర నిలబడి, ఆమె చేత కడిగించాను. అంతా అయ్యాక ఆమె అడిగింది, "గింతేనా బిడ్డా? గీ ముచ్చట అప్పుడే చెప్తే అయిపోవు గద!"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం చదివినవారు తమ ఇంట్లో, తమ వీధిలో కట్టుడు పళ్ళు పెట్టుకునే ఒక్కరికైనా ఈ సాయంత్రమే ఈ ముచ్చట చెప్తే, ఆ అవ్వకు మనమందరం కలిసి జవాబు చెప్పినట్లవుతుంది. దేవుడు మీ కుటుంబాలను, మీ ఇంటి పెద్దలను ఆరోగ్యంతో కాపాడును గాక.